సముద్రంలో ఎర్రనీరు

వానాకాలం మొదలవగానే గోదావరికి ఎర్రనీరు వస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నిలబడి చూస్తే, నిన్నటిదాకా తేటగా పారిన నీరు ఒక్కసారిగా రంగు మారి, సుడులు తిరుగుతూ దూకుతుంది. ఆ నీటికి ఎదురీదుతూ పులసలు వస్తాయి. ఆ ఎరుపు ఎక్కడిదని అడిగితే చిన్న తరగతుల పిల్లలు కూడా చెబుతారు, ఎగువన కురిసిన వానలకు కొట్టుకొచ్చిన మట్టిదని. ఆ నీటిని ఒక గ్లాసులో పట్టి కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు దిగుతుంది. పైన నీరు తేటపడుతుంది.

సముద్రానికి కూడా ఒక్కొక్కప్పుడు ఎర్రనీరు వస్తుందని మీకు తెలుసా? నదీ ముఖానికి దూరంగా, వరద లేని రోజుల్లో కూడా, సముద్రం మీద మైళ్ల కొద్దీ ఎర్రటి చారలు కనిపిస్తాయి. ఆ నీటిలో ఒక్క చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే మట్టి రేణువులు కనిపించవు. గిరగిర తిరుగుతూ ఈదులాడే ప్రాణులు వందల సంఖ్యలో కనిపిస్తాయి! అవి శైవలాలు, అంటే మనం వాడుకలో నాచు అనే జాతికి చెందినవి. ఇలా నీటి రంగు మారడాన్ని ఎర్రపోటు అంటారు. పేరులో పోటు అని ఉన్నా, చంద్రుని ఆకర్షణ వల్ల వచ్చే ఆటుపోట్లకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. రంగు ఎరుపే కానక్కరలేదు. ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో కూడా రావచ్చు.

ఈ ప్రాణుల్లో చాలా భాగం మనకు మిత్రులే. కొద్ది జాతులు మాత్రం మనిషిని చంపగల విషాన్ని తయారుచేస్తాయి. విచిత్రమేమంటే ఆ విషం మనకు చేరేది నీటి ద్వారా కాదు, కంచంలోని కూర ద్వారా! అది ఎలాగో, ఆ విషం ఏం చేస్తుందో, అదే విషం మందుగా కూడా ఎలా మారుతుందో తెలుసుకుందాం.

కంటికి కనిపించని తోట

సముద్రపు నాచు అనగానే రాళ్లను పట్టుకుని పెరిగే ఆకుల గుత్తులు గుర్తుకొస్తాయి. అలాంటివి చూడాలంటే విశాఖపట్నం వైపు వెళ్లాలి. అక్కడి తీరం రాతి తీరం. పెద్ద నాచుకు పట్టు కావాలి కదా! అంతర్వేది మొదలు కాకినాడ దాకా మన డెల్టా తీరంలో ఉన్నది ఒండ్రు, ఇసుక. ఇక్కడి నీటిలో రాజ్యమేలేవి నీటిపై తేలుతూ బతికే సూక్ష్మ శైవలాలు. వీటిని వృక్ష ప్లవకాలు అంటారు.

వీటిలో రెండు పెద్ద తెగలున్నాయి. ఒకటి డయాటంలు. ఇవి ఇసుకలో ఉండే సిలికాతో గాజు పెట్టెలాంటి కవచం కట్టుకుంటాయి. రెండోది డైనోఫ్లాజెల్లేట్లు. వీటికి కొరడాల వంటి రెండు కశాభాలుంటాయి. వాటిని ఆడిస్తూ బొంగరంలా తిరుగుతూ ఈదుతాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు ముప్ఫయ్యో వంతు ఉంటుంది. రాత్రిపూట అలలు విరిగినచోట నీలిమెరుపు మెరిపించేవి కూడా వీటిలో కొన్నే.

ఈ చిన్న ప్రాణుల్ని చులకనగా చూడకండి. భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలో ఇవే జరుపుతున్నాయి. రొయ్యపిల్లలకూ చేపపిల్లలకూ మొదటి ముద్ద వీటి నుంచే వస్తుంది. ఇవి లేకపోతే వలలో చేప లేదు.

వీటి సంఖ్య పెరిగే తీరు ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక కణం రోజుకొకసారి రెండుగా చీలిందనుకోండి. పది రోజులకు 1,024 అవుతాయి. ఇరవై రోజులకు పది లక్షలు దాటుతాయి. అందుకే నిన్న లేని రంగు సముద్రం మీద ఈవేళ కనిపిస్తుంది. మన తీరంలోనే ఇటువంటివి జరిగాయి. వాల్తేరు దగ్గర బంగాళాఖాతంలో ఆస్టిరియొనెల్లా అనే డయాటం విపరీతంగా పెరిగి నీటి రంగు మార్చిన సంగతిని డి.వి. సుబ్బారావు అనే శాస్త్రజ్ఞుడు 1969లో ఒక పరిశోధన పత్రంలో వివరించారు.

గోదావరి పెట్టే ఎరువు

పొలానికి ఎరువు వేస్తే పైరుతోపాటు కలుపు కూడా ఏపుగా పెరుగుతుంది. సముద్రానికి ఎరువు వేసేది నది. వరదనీటిలో మట్టి ఒక్కటే కాదు, నత్రజని లవణాలు, భాస్వరపు లవణాలు, సిలికా కూడా ఉంటాయి. డెల్టా పొలాల్లో వేసిన యూరియాలో కొంత, పట్నాల మురుగునీటిలో కొంత కాలువలూ డ్రెయిన్లూ దాటి చివరికి సముద్రంలోనే చేరుతాయి.

అయితే వరద ఉధృతంగా ఉన్న రోజుల్లో నదీ ముఖంలో ప్లవకాలు అంతగా పెరగవు. ఎందుకో ఆలోచించండి. ఎరువు ఉంది, నీరు ఉంది. లేనిది వెలుగు! బురదనీటిలోకి సూర్యరశ్మి దిగదు. పైగా ప్రవాహం వాటిని నిలవనివ్వకుండా సముద్రంలోకి తోసేస్తుంది. వరద తగ్గి, మట్టి అడుగుకు దిగి, నీరు తేటపడ్డాక అసలు పెరుగుదల మొదలవుతుంది. విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం శాస్త్రజ్ఞులు గోదావరి నదీ ముఖంలో జరిపిన పరిశీలనల్లో ఈ క్రమం కనిపించింది.

ఇక్కడ మన ప్రాంతపు వాడొకరిని తలుచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి 1925లో రక్తం వంటి ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. భాస్వరం ఎంత ఎక్కువుంటే ద్రావణంలో నీలిరంగు అంత చిక్కగా వస్తుంది. ఆ చిక్కదనాన్ని బట్టి భాస్వరాన్ని లెక్కకడతారు. సముద్రపు నీటిలో భాస్వరాన్ని కొలిచేవారు కూడా ఈనాటికీ అటువంటి నీలిరంగునే నమ్ముకుంటారు.

వయలూరులో ఏం జరిగింది?

ఇక విషం సంగతికి వద్దాం. 1981లో తమిళనాడులో కల్పాక్కం సమీపాన ఉన్న వయలూరు గ్రామంలో జనం గుల్లలు వండుకుని తిన్నారు. 85 మంది ఆసుపత్రి పాలయ్యారు. ముగ్గురు మరణించారు. వారు తిన్నది మెరెట్రిక్స్ కాస్టా అనే గుల్ల. 1997 సెప్టెంబరులో కేరళలోని విళింజంలో ఇంతకంటే పెద్ద ప్రమాదం జరిగింది. అక్కడ రాళ్లకు అంటుకుని పెరిగే ఒక రకం ఆల్చిప్పలను తిని ఏడుగురు మరణించారు. ఐదు వందల మందికి పైగా ఆసుపత్రిలో చేరారు.

వయలూరు ఉన్నది మన బంగాళాఖాతపు ఒడ్డునే. కాకినాడ అఖాతంలో దొరికే గుల్లల్లో మెరెట్రిక్స్ ప్రజాతివి కూడా ఉన్నాయి. అవి వయలూరు గుల్లలకు దగ్గర చుట్టాలు. కోరింగ మడ అడవులు ఒకవైపు, హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ మరోవైపు అడ్డుగా ఉండడం వల్ల ఈ అఖాతంలో అలల తాకిడి తక్కువ. మెత్తటి ఒండ్రులో గుల్లలు బాగా పెరుగుతాయి. గుల్ల సున్నం కోసం ఎన్నో ఏళ్లుగా వీటిని ఏరుతూనే ఉన్నారు. అందుచేత వయలూరు కథ మనకు దూరపు కథ కాదు.

ఆ గుల్లలకు విషం ఎక్కడిది? పాము కోరలో విషం పాము తయారుచేసుకున్నదే. గుల్ల అలా కాదు. గుల్లకు నోటితో వెదికి తినే అలవాటు లేదు. రెండు చిప్పలూ కొద్దిగా తెరిచి, ఒక గొట్టం ద్వారా నీటిని లోపలికి లాగుతుంది. మొప్పల మీద ఆ నీటిని వడకట్టి, చిక్కిన ప్లవకాలను మింగి, మిగిలిన నీటిని మరో గొట్టం ద్వారా బయటికి పంపుతుంది. రాత్రీ పగలూ ఇదే పని. ఒక్కొక్కటి రోజుకు ఎన్నో లీటర్ల నీటిని వడకడుతుంది. నీటిలో విషపు డైనోఫ్లాజెల్లేట్లు ఉంటే వాటినీ అలాగే మింగుతుంది. కణాలు జీర్ణమవుతాయి. విషం మాత్రం గుల్ల శరీరంలో పోగుపడుతుంది. గుల్లకు దానివల్ల పెద్ద హాని కలగదు. హాయిగానే ఉంటుంది. బలయ్యేది గుల్లను తిన్న మనిషి.

చూశారా! నేరం చేసింది ఒకరు, పట్టుబడింది మరొకరు.

తూముకు బిరడా

ఈ విషం చరిత్ర పాతది. 1793 జూన్ 15న కెనడా పశ్చిమ తీరంలో కెప్టెన్ జార్జి వాంకూవర్ నావికులు కొందరు ఒడ్డున ఆల్చిప్పలు కాల్చుకు తిన్నారు. కొద్దిసేపటికే ముఖమూ చేతులూ తిమ్మిరెక్కాయి. జాన్ కార్టర్ అనే నావికుడు ఆనాడే చనిపోయాడు. ఆ చోటికి విషపు రేవు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. 1927లో అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 102 మంది ఇలాగే జబ్బుపడ్డారు. ఆరుగురు పోయారు. అప్పుడు హెర్మన్ సోమర్, కార్ల్ మేయర్ అనే శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి వెదికారు. ఆల్చిప్పల్లో విషం పెరిగిన రోజుల్లోనే సముద్రంలో ఒక డైనోఫ్లాజెల్లేటు సంఖ్య కూడా పెరుగుతోందని గమనించారు. 1937లో అసలు దోషిని లోకానికి చూపారు. 1957లో ఎడ్వర్డ్ షాంట్జ్ బృందం ఆ విషాన్ని శుద్ధిచేసి వేరుచేసింది. అలాస్కాలో దొరికే సాక్సిడోమస్ అనే గుల్ల నుంచి తీశారు కనుక దానికి సాక్సిటాక్సిన్ అని పేరు వచ్చింది. దాని అణునిర్మాణం 1975లో తేలింది. చిన్న అణువే. కార్బన్లు పది, హైడ్రోజన్లు పదిహేడు, నైట్రోజన్లు ఏడు, ఆక్సిజన్లు నాలుగు.

ఇంత చిన్న అణువు మనిషిని ఎలా పడగొడుతుంది? మన కాలువల తూములను తలుచుకోండి. తూము తలుపు ఎత్తితేనే పొలానికి నీరు. మన నాడీకణాల గోడలకు కూడా అటువంటి తూములు లక్షల కొద్దీ ఉన్నాయి. వాటిలోంచి సోడియం అయానులు లోపలికి దూకుతాయి. ఒక తూము తెరుచుకుంటే దాని పక్కది, ఆపైన దాని పక్కది తెరుచుకుంటూ పోతాయి. ఆ పరుగే నాడీ సంకేతం. ‘చెయ్యి ఎత్తు’ అనే ఆజ్ఞ అయినా, ‘ఊపిరి పీల్చు’ అనే ఆజ్ఞ అయినా మెదడు నుంచి కండరానికి ఇలాగే చేరుతుంది. సాక్సిటాక్సిన్ అణువు సరిగ్గా ఆ తూము మూతిలో బిరడాలా కూర్చుంటుంది. సోడియం లోపలికి పోదు. సంకేతం ఆగిపోతుంది. మెదడు ఆజ్ఞ ఇస్తూనే ఉంటుంది, కండరం వినదు.

తిన్న కొద్ది నిమిషాల నుంచి అరగంటలోపు పెదవులు, నాలుక చిమచిమలాడతాయి. ఆ తిమ్మిరి ముఖానికీ, మెడకూ, వేళ్లకూ పాకుతుంది. మాట తడబడుతుంది. కాళ్లు తేలిపోతున్నట్టుంటాయి. విషం ఎక్కువైతే ఊపిరి తీయించే కండరాలు పడిపోతాయి. దీనికి విరుగుడు మందు లేదు. అయినా వైద్యం లేదని కాదు. ఆసుపత్రిలో యంత్రంతో ఊపిరి అందిస్తూ ఉంటే ఈలోగా శరీరమే విషాన్ని మూత్రంలో బయటికి పంపేస్తుంది. మొదటి 12 నుంచి 24 గంటలు గట్టెక్కితే మనిషి సాధారణంగా బతుకుతాడు. అంటే ప్రాణం నిలిపేది ఎంత త్వరగా ఆసుపత్రికి చేర్చామన్నదే.

ఒక చిన్న లెక్క

ఎంత విషం ప్రమాదకరం? వంద గ్రాముల గుల్ల మాంసంలో 80 మైక్రోగ్రాములకు మించి ఈ విషం ఉండకూడదని చాలా దేశాలు హద్దు పెట్టుకున్నాయి. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షో వంతు. మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చే మోతాదు ఒకటి నుంచి నాలుగు మిల్లీగ్రాములు. ఒక మిల్లీగ్రాము అంటే పదిహేను ఇరవై సన్నటి ఉప్పు రవ్వల బరువు!

ఇప్పుడు లెక్క చేయండి. హద్దులో ఉన్న గుల్లల మాంసం 200 గ్రాములు తింటే లోపలికి పోయేది 160 మైక్రోగ్రాములు. అది ఒక మిల్లీగ్రాములో ఆరో వంతు కంటే తక్కువ. అందుకే దాన్ని హద్దుగా పెట్టారు. కానీ విషపు ప్లవకాలు పెరిగిన రోజుల్లో గుల్లల్లో విషం ఈ హద్దుకు పదుల రెట్లు చేరగలదు. ఇరవై రెట్లు ఉన్న గుల్లలు 200 గ్రాములు తింటే ఎంత పోతుందో మీరే గుణించండి.

ఉడికిస్తే పోతుంది కదా అనుకుంటున్నారా? పోదు. కలరా క్రిమి వంటిది ప్రాణి. అది మరిగే నీటిలో చస్తుంది. సాక్సిటాక్సిన్ ప్రాణి కాదు, రసాయనం. మామూలు వంట వేడికి అది చెక్కుచెదరదు. దానికి రుచి లేదు, వాసన లేదు. విషమున్న గుల్లా, లేని గుల్లా చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. నీటి రంగును నమ్ముకోవడం కూడా పొరపాటే. ఎర్రగా కనిపించిన ప్రతి నీరూ విషం కాదు. రంగు మారేటంతగా పెరగకముందే విషపు జాతులు గుల్లలను విషపూరితం చేయగలవు. ప్రయోగశాలలో పరీక్షిస్తే తప్ప తెలియదు.

విషం ఎందుకు తయారుచేస్తాయి?

మనిషిని చంపాలని వాటికేమీ పగ లేదు. శైవలానికి మనిషి ఎవరో తెలియదు. దాని శత్రువులు కోపిపాడ్ అనే చిన్న చిన్న ప్రాణులు. బియ్యపు గింజ కంటే చిన్నవైన ఇవి ప్లవకాలను మేస్తూ తిరుగుతాయి. మేకలు మేయకుండా మొక్క ముళ్లు పెంచుకున్నట్టు, పారిపోయే శక్తి లేని ఈ శైవలాలు రసాయనాలతో తమను కాపాడుకుంటాయి. కోపిపాడ్లు నీటిలో విడిచే పదార్థాలు తగిలితే అలెగ్జాండ్రియం అనే డైనోఫ్లాజెల్లేటు తన విషాన్ని మరింత ఎక్కువ చేసుకుంటుందని ప్రయోగాల్లో తేలింది. ముక్కూ మెదడూ లేని ఒంటికణం శత్రువు వాసన పట్టడం వింత కాదూ!

విషం లేకుండానే ముప్పు తెచ్చే శైవలాలు కూడా ఉన్నాయి. ఇది భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువులున్నవారికి బాగా తెలుసు. చెరువులో నాచు మితిమీరి నీరు చిక్కటి ఆకుపచ్చగా మారితే, పగలు అది ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి వెలుగు లేదు కనుక కిరణజన్య సంయోగక్రియ ఆగిపోతుంది, శ్వాసక్రియ మాత్రం ఆగదు. తెల్లవారేసరికి నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. రైతులు చెరువుల్లో చక్రాల యంత్రాలు తిప్పి నీటిని చిలికేది ఆ గాలి అందించడానికే.

విషమే మందు

ఇంతవరకు విన్నాక శైవలాల మీద మీకు కోపం వచ్చి ఉంటుంది. కాస్త ఆగండి.

1987లో కెనడా తూర్పు తీరంలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి ఆల్చిప్పలు తిని 107 మంది జబ్బుపడ్డారు. ముగ్గురు చనిపోయారు. కొందరికి జ్ఞాపకశక్తి పోయింది. వెదికితే డొమోయిక్ ఆమ్లం అనే పదార్థం దొరికింది. దాన్ని తయారుచేసింది సూడోనిట్‌షియా అనే డయాటం. శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపోయారు. ఎందుకంటే ఈ ఆమ్లం వారికి కొత్తది కాదు. 1958లోనే జపాను రసాయన శాస్త్రజ్ఞులు దీన్ని ఒక ఎర్రని సముద్రపు నాచు నుంచి వేరుచేశారు. ఆ నాచును అక్కడివారు అంతకు ముందు నుంచే కడుపులోని పురుగులు పడడానికి మందుగా వాడేవారు! తేడా ఎక్కడుంది? పురుగుల మందుగా ఇచ్చిన మోతాదు సుమారు 20 మిల్లీగ్రాములు. కెనడాలో జబ్బుపడినవారు తిన్నది 60 నుంచి 290 మిల్లీగ్రాముల దాకా. పదార్థం ఒక్కటే. మోతాదు దాన్ని మందు చేసింది, మోతాదే దాన్ని విషం చేసింది.

సాక్సిటాక్సిన్ సంగతీ అంతే. నాడీకణపు తూములు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు ఇది గొప్ప పనిముట్టు అయింది. నొప్పి కూడా నాడుల వెంట పరుగెత్తే సంకేతమే కదా! అందుచేత దీని దగ్గరి చుట్టమైన నియోసాక్సిటాక్సిన్‌ను అతి కొద్ది మోతాదులో, శరీరంలో ఒకచోట మాత్రమే మత్తు ఇచ్చే మందుగా మనుషుల మీద పరీక్షించి చూశారు.

మరొక ఉదాహరణ. సముద్రపు కుందేలు అనే మెత్తటి నత్తజాతి ప్రాణి ఒకటి ఉంది. క్యాన్సరు కణాలను చంపే డోలాస్టాటిన్-10 అనే పదార్థాన్ని హిందూ మహాసముద్రపు సముద్రపు కుందేళ్ల నుంచి వేరుచేసినట్టు 1987లో పెట్టిట్ బృందం ప్రకటించింది. వందల కిలోల ప్రాణుల నుంచి దక్కింది కొద్ది మిల్లీగ్రాములే. 2001లో అసలు సంగతి బయటపడింది. అది సముద్రపు కుందేలు తయారుచేసింది కాదు. అది మేసిన నీలి-ఆకుపచ్చ శైవలం తయారుచేసింది! ఇక్కడ కూడా గుల్ల కథే! పేరు ఒకరిది, పని మరొకరిది. ఆ అణువును చూసి శాస్త్రజ్ఞులు దాన్ని పోలినదాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. దాన్ని మోసుకుపోయే మందు ఒకటి హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సరుకు 2011 నుంచి వాడుకలో ఉంది. నీలి-ఆకుపచ్చ శైవలాలను ఈనాడు సయనోబాక్టీరియా పేరుతో బాక్టీరియాలలో చేరుస్తున్నారు.

మనవారూ ఈ వెదుకులాటలో వెనుకబడలేదు. కాలెర్పా అనే నాచు ద్రాక్షగుత్తిలా పచ్చగా ఉంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఎ.ఎస్.ఆర్. ఆంజనేయులు, ఆయన సహచరులు దాని నుంచి కాలెర్పిన్‌ను పోలిన రెండు పదార్థాలను వేరుచేసి 1991లో ప్రకటించారు. ఇక మీ ఇంట్లోకే చూడండి. గాయానికి రాసే టింక్చరులోని అయొడిన్‌ను 1811లో బెర్నార్డ్ కూర్త్వా అనే ఫ్రెంచి రసాయనజ్ఞుడు మొదట చూసింది సముద్రపు నాచు బూడిదలోనే. మిఠాయిల్లో గట్టిపడడానికి వేసే చైనా గ్రాసు కూడా ఎర్రని సముద్రపు నాచు నుంచి తీసిన అగారే.

కాపలా ఎలా?

విషపు డైనోఫ్లాజెల్లేట్లకు ఒక గడుసుతనం ఉంది. పరిస్థితులు బాగా లేనప్పుడు కొన్ని జాతులు గట్టి పెంకు గల విత్తనాల్లా మారి అడుగు బురదలో నిద్రపోతాయి. ఏళ్ల తరువాత కూడా తిరిగి మొలకెత్తగలవు. ఓడలు సరుకు లేనప్పుడు తూకం కోసం సముద్రపు నీటిని తొట్లలో నింపుకుని, మరో రేవులో వదిలేస్తాయి. ఆ నీటితో ఈ విత్తనాలు కూడా దేశాలు దాటుతాయి. దీన్ని అరికట్టడానికి చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం 2017 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. కాకినాడ, విశాఖపట్నం వంటి రేవులున్న మనకు ఇది ముఖ్యమైన విషయం.

ఆకాశం నుంచి కూడా కాపలా ఉంది. శ్రీహరికోట నుంచి 2022 నవంబరు 26న ఎగిరిన ఓషన్‌శాట్ శ్రేణి ఉపగ్రహం సముద్రపు రంగును చూస్తుంది. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఉపగ్రహాల సమాచారం ఆధారంగా శైవలాలు ఎక్కడ దట్టంగా పెరుగుతున్నాయో తెలియజేస్తుంది. అయితే ఉపగ్రహం పత్రహరితాన్ని చూడగలదే గాని విషాన్ని చూడలేదు. చివరికి ఎవరో ఒకరు పడవలో వెళ్లి, నీరు తీసి, గుల్ల తెచ్చి పరీక్షించవలసిందే. ఆ పని చేసే చేతులు మనకు ఇంకా చాలా కావాలి. మీలో కొందరు ఆ పనిలోకి వెళ్లవచ్చు.

అంతవరకు తీరగ్రామాల వారు గుర్తుంచుకోవలసినవి నాలుగు. సముద్రం రంగు మారినప్పుడు, చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు గుల్లలు, ఆల్చిప్పలు తినకూడదు. ఉడికించాం కదా అని ధైర్యపడకూడదు. తిన్నాక పెదవులు తిమ్మిరెక్కితే నిద్రపోతే తగ్గుతుందని ఊరుకోక, వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏం తిన్నారో వైద్యునికి చెప్పాలి. మిగిలిన కూర ఉంటే పరీక్షకు పట్టుకెళ్లాలి. ఈ విషం సాధారణంగా చేపల కండలో పోగుపడదు. అయినా పేగులు, పొట్టలోనివి తీసేసి వండుకోవడమే మంచిది.

మీరే చేసి చూడండి

మూడు గాజు సీసాలు తీసుకోండి. మూడింటిలోనూ ఒకే చెరువు నీరు సమానంగా పోయండి. మొదటి దానిలో ఏమీ కలపకండి. రెండో దానిలో, మూడో దానిలో చిటికెడు చొప్పున పొలానికి వేసే కాంప్లెక్సు ఎరువు కలపండి. మూడో సీసాకు నల్లకాగితం చుట్టండి. మూడింటికీ దూది పెట్టి, ఎండ మరీ తీవ్రంగా పడని వెలుతురు కిటికీలో రెండు వారాలు ఉంచండి. రోజూ రంగు చూసి పుస్తకంలో రాసుకోండి. ఆ నీటిని నోట్లో పెట్టుకోకండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఏ సీసా ముందు పచ్చబడింది? ఎరువు ఉండి కూడా ఏది పచ్చబడలేదు? వరద గోదావరిలో ప్లవకాలు ఎందుకు పెరగవో, వరద తీశాక ఎందుకు పెరుగుతాయో ఆ సీసాలే మీకు చెబుతాయి. ఈసారి గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు, ఆ నీరు సముద్రంలో కలిశాక ఏమవుతుందో మీ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మీరు చెప్పవచ్చు.